మల్లంపాటి వారింట్లో మంగోలియా

మల్లంపాటి వారంత తెలివైన కుటుంబం ఈ సముద్రతీరంలోనే లేదని చెప్పుకుంటారు. ఎవరు చెప్పుకుంటారంటే, మల్లంపాటి వారే. ఇంటిపెద్ద కోదండం, భార్య సీతాయమ్మ, బావమరిది ముత్యాలు, కూతురు హైమ. నలుగురికీ ఒకటే తెలివి, అందుకని ఇంట్లో ఎక్కువ తక్కువల గొడవే లేదు. "చెప్పిన మాట చెప్పినట్టు చెయ్యడమే తెలివంటే!" అంటాడు కోదండం.

హైమ టౌన్లో బి.ఏ. చదువుతోంది. అంతర్జాతీయ అధ్యయనాలు. దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మసులుకోవాలో నేర్పే చదువన్నమాట. మూడో ఏడాదికొచ్చింది గానీ, జవాబులు క్లుప్తంగా రాయమంటే అన్నిటికీ "అవును" అని రాసి రెండు పరీక్షల్లో సున్నాలు తెచ్చుకుంది. ఇక మిగిలింది ఒక్కటే. కాలేజీలో ఐక్యరాజ్యసమితి లాగా ఒక సభ పెడతారు, ఒక్కొక్కళ్ళు ఒక్కో దేశం తరఫున మాట్లాడాలి. అందులో మార్కులు రాకపోతే డిగ్రీ పోయినట్టే. హైమకి మంగోలియా వచ్చింది.

"ఈ వారం రోజులూ మంగోలియా ఎలా ఉంటుందో అలాగే ఉండమ్మా," అంది పాఠం చెప్పే సుగుణ మేడమ్. "దానికి సముద్రం లేదు. ఒకవైపు రష్యా, ఒకవైపు చైనా. ఇద్దరితోనూ సమానంగా ఉండాలి. ఒకరికి చేసింది రెండోవారికీ చెయ్యాలి."

ఇంకేముంది! ఇంటికి రాగానే పని మొదలుపెట్టారు. పెరట్లో నిలబడితే సముద్రం కనబడుతుంది కదా, అది కనబడకుండా కోదండం తాటాకు దడి కట్టేశాడు. కనబడడం మానేసింది గానీ హోరు వినబడుతూనే ఉంది. అంతే, నలుగురూ చెవుల్లో దూది పెట్టుకున్నారు.

ఆ దూది వల్ల వాళ్ళ కుక్క ఎడమపక్కింటి రత్తమ్మ కోడిని పట్టుకున్నప్పుడు ఆ అరుపులు ఎవరికీ వినపడలేదు. కోడి చచ్చాక చూశారు.

"అయ్యయ్యో! రష్యా కోడి పోయింది," అన్నాడు ముత్యాలు.

"మరి చైనాకి అన్యాయం చేసినట్టు కాదూ?" అంది సీతాయమ్మ.

అంతే, కుక్కని కుడిపక్కింటి పోలమ్మ దొడ్లోకి లాక్కెళ్ళారు. దానికేమో కడుపు నిండి ఉంది, కదలదు. పాపం, ముత్యాలే చెమటలు కక్కుతూ కోడిని పట్టి దాని నోటికి అందించాడు.

కోళ్ళవాళ్ళిద్దరూ వీధిలోకొచ్చి తిట్లు అందుకున్నారు. రత్తమ్మ పావుగంట తిట్టింది. పోలమ్మ ఆయాసం మనిషి, అయిదు నిమిషాలకే ఆగిపోయింది.

"ఇంకో పది నిమిషాలుంది పోలమ్మక్కా," అన్నాడు కోదండం చెవుల్లో దూది తీసి, చేతులు కట్టుకుని. "మంచినీళ్ళు తాగి కానివ్వు."

సభ రోజు నలుగురూ కాలేజీకి వెళ్ళారు. హాలు దగ్గర మేడమ్ హైమ భుజం తట్టింది. "భయపడకు. ఈ గుమ్మం దాటాక హైమవన్న మాటే మర్చిపో. లోపలున్నది మంగోలియా, అంతే."

హైమ గుమ్మం దాటింది. మాట్లాడింది కూడా. "మాకు సముద్రం లేదు. రెండు పక్కలా సమానంగా తిట్లు తిన్నాం. ఎవరి మీదా కోపం లేదు." హాలంతా చప్పట్లు. మేడమ్‌కి కళ్ళు చెమర్చాయి.

తర్వాత మేడమ్ హాజరు పిలిచింది. "హైమ!"

"ఆ అమ్మాయి లోపలికి రాలేదండీ," అంది హైమ.

"నువ్వే కదే!"

"నేను మంగోలియానండీ."

మేడమ్ ఆమెని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. "ఇప్పుడు హైమవేనా?" "అవునండీ." "అయితే లోపలికొచ్చి సంతకం పెట్టు." హైమ గుమ్మం దాటింది, మళ్ళీ మంగోలియా అయిపోయింది. అలా నాలుగుసార్లు తిరిగాక మేడమ్ హాజరు పుస్తకమే బయటికి తెచ్చింది.

"సభలో మాట్లాడినట్టు ఇక్కడ సంతకం పెట్టవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"మాట్లాడింది మంగోలియా కదండీ. పరాయిపిల్ల మార్కులు నేనెలా తీసుకుంటాను?"

"అదీ నా పెంపకం!" అన్నాడు కోదండం గర్వంగా.

 మేడమ్ పుస్తకంలో రాసి, అది అక్కడే పడేసి వెళ్ళిపోయింది. మంగోలియా, మొదటి స్థానం. హైమ, రాలేదు.

అది చదవగానే కోదండానికి ఒళ్ళు మండిపోయింది. "సిగ్గులేదుటే? ఆ మంగోలియాని చూడు, ఫస్టొచ్చింది! నువ్వు హాల్లోకే వెళ్ళలేదట. డిగ్రీ పోయింది కదే!"

హైమ భోరున ఏడ్చింది. "వచ్చే ఏడాది దాని దగ్గరే ట్యూషన్ చెప్పించుకుంటా నాన్నా."

అంతే, మంగోలియా బయటికొచ్చేదాకా ఆగుదామని నలుగురూ గుమ్మం ముందు చాప పరుచుకుని కూర్చున్నారు. సీతాయమ్మ క్యారేజీలో ఓ ముద్ద పులిహోర పక్కన పెట్టింది, ఎప్పుడనగా తిన్న పిల్లో అని. హాలు ఖాళీ అయింది. అటెండరు తలుపులు మూసి తాళంకప్ప వెయ్యబోయాడు.

కోదండం పరుగున వెళ్ళి తలుపులకి అడ్డం నిలబడ్డాడు.

"ఆగవయ్యా! లోపల ఫస్టొచ్చిన పిల్ల ఉంది!"