కోదండాచారి షెడ్డూ, రాజుగారి చలీ

రండి నాయనా, దగ్గరికి జరగండి. వెనకున్న అమ్మలు కూడా ముందుకి రండి, చోటుంది. ఇది చలి కథ, ఒకరినొకరు ఆనుకుని వింటేనే రుచి. ఆ శిఖరేశ్వరుణ్ణి ఒక్కసారి తలుచుకుని మొదలుపెడతాను.

చలికొండ అని ఒక రాజ్యం. ఏడాదిలో పదకొండు నెలలు మంచు, పన్నెండో నెల మంచు కురవబోయే మబ్బు. గుర్రం దిగబడిపోతుంది, ఎద్దు మొరాయిస్తుంది. అందుకని అక్కడ అందరూ మంచుబండ్ల మీదే తిరిగేవారు. ముందు రెండు చెక్కలు, కింద గిర్రున తిరిగే బెల్టు, మధ్యన దడదడలాడే ఇంజను. రాజుల కాలంలో ఇంజను ఎక్కడిదని అడక్కండి. రాక్షసుడి ప్రాణం చిలకలో ఉందంటే అడిగారా?

ఆ రాజ్యంలో బండ్లు అమ్మేదీ, పాడైతే బాగుచేసేదీ ఒక్కడే, కోదండాచారి. ఒక శనివారం హిమకేతు మహారాజు బండి దారిలో దగ్గి ఆగిపోయింది. రాజుగారు తాంబూలం నమిలి పూర్తిచేసేలోగా ఆచారి దానికి ఇంకో బెల్టు వేసి పరిగెత్తించాడు. రాజుగారు ఉబ్బితబ్బిబ్బై, కొలువులో అతనికి ‘యంత్రబ్రహ్మ’ అని బిరుదిచ్చి శాలువా కప్పించారు.

కప్పినవాడు బుచ్చన్న. సన్మానం పొందేవాళ్ళకీ, చలేసినప్పుడు రాజుగారికీ శాలువా కప్పడమే కొలువులో అతని ఉద్యోగం.

అంతటితో ఊరుకుంటే రాజెందుకవుతాడు? రేపటి నుంచి కొలువులో ప్రతివాడూ ఆచారి పద్ధతిలోనే సేవ చెయ్యాలనీ, ఆయన్ని తప్పుపట్టినవాడు కొండ దిగిపోవాలనీ ఆజ్ఞ వేశాడు.

బుచ్చన్న ఇంటికి పోతుంటే, ఆచారి షెడ్డు ముందు ముత్తెమ్మ నూనె డబ్బా మీద కూర్చుని కనిపించింది. కొండ మీది శిఖరేశ్వరుడి అఖండదీపానికి నూనె మోసేది ఆవిడే. తాతల నాటి నుంచి ఆరని దీపం. పైన ఉన్న నూనె సోమవారం దాకానే వస్తుంది. ఆవిడ బండి చూస్తే నలభై రోజులుగా షెడ్డులోనే ఉంది.

ఏమైందని అడిగితే గోడు వెళ్ళబోసుకుంది. మొదటి రోజున ఆచారి, బండి ఎలా చప్పుడు చేస్తోందో చేసి చూపించమన్నాడట. పాపం, మంచులో కూర్చుని గుర్‌ర్‌మంది, ఖర్‌ర్‌మంది. అప్పుడు ఆచారి ఇంజనుకి చెవి ఆనించి, నా ముందు అనడం లేదే, వదిలి వెళ్ళు, గురువారం రా అన్నాడట. గురువారం వెళితే సామాను ఉత్తరం నుంచి రావాలన్నాడు. చలికొండకి ఉత్తరాన ఎలుగుబంట్లు తప్ప ఎవరూ లేరు. ఇవాళ చూస్తే బండికి అసలు బెల్టే లేదు.

“అడిగితే, నువ్వు తెచ్చినప్పుడే లేదంటాడు. బెల్టు లేని బండిని చంకలో పెట్టుకొచ్చానా తమ్ముడూ?”

“నీ బెల్టుకి గుర్తేమైనా ఉందా అక్కా?”

“తెగినచోట దీపం ఒత్తుల దారంతో నేనే కుట్టాను. కుంకుమ అద్ది మరీ కుట్టాను.”

బుచ్చన్న ఆ గుర్తు మనసులో పెట్టుకున్నాడు. రేపు కొలువుకి రా అక్కా, స్తంభం చాటున కూర్చో అన్నాడు.

ఆదివారం కొలువు నిండుగా ఉంది. ఆచారి కొత్త శాలువాతో ముందు వరసలో కూర్చున్నాడు. రాజుగారికి చలేసింది. శాలువా తెమ్మన్నారు.

బుచ్చన్న కదల్లేదు. “చలి ఎలా ఉంది ప్రభూ? గజగజలాడిస్తోందా, గడగడలాడిస్తోందా? ఒక్కసారి వణికి చూపిస్తారా?”

రాజుగారు తికమకపడి, సింహాసనం మీదే వణికి చూపించారు. బుచ్చన్న ఆయన భుజానికి చెవి ఆనించి విన్నాడు.

“నా ముందు వణకడం లేదు ప్రభూ. భుజాలు వదిలి వెళ్ళండి, గురువారం రండి.”

“భుజాలెలా వదలనురా?”

“అయితే తమరు మొత్తంగా ఉండిపోండి. శాలువా సిద్ధమే, అంచు మాత్రం ఉత్తరం నుంచి రావాలి.”

“ఉత్తరాన ఎలుగుబంట్లు తప్ప ఏమున్నాయి?”

“అవే నేస్తున్నాయి ప్రభూ.”

రాజుగారి పళ్ళు టకటకలాడుతున్నాయి. “మరి నా పాత శాలువా ఏదిరా?”

“తమరు వచ్చినప్పుడే లేదు.”

రాజుగారు ఒక్క ఉదుటున లేచారు. లేస్తే స్తంభం పక్కన ముత్తెమ్మ, ఆవిడ భుజాల మీద జరీ అంచుతో వెచ్చగా రాజుగారి శాలువా. ఈ దిక్కుమాలిన సేవ ఎవడు నేర్పాడని ఆయన గర్జించారు.

బుచ్చన్న చేతులు కట్టుకున్నాడు.

“తమ ఆజ్ఞే ప్రభూ. యంత్రబ్రహ్మగారి పద్ధతి పొల్లు పోకుండా పాటించాను. ఒకరిది తీసి ఇంకొకరికి వెయ్యడం దాకా.”

రాజుగారి చూపు ఆచారి మీదికి తిరిగింది. నిన్న ఆచారి బాగుచేసిన తన బండి తెప్పించి వెల్లకిలా తిప్పించారు. బెల్టు మీద ఎర్రటి దారం కుట్టు కనిపించింది.

ఆచారి గొంతు సవరించుకున్నాడు. “అది... ఉత్తరం నుంచి వచ్చిన బెల్టు ప్రభూ.”

ముత్తెమ్మ నెమ్మదిగా అడిగింది.

“ఆ ఎలుగుబంటి నా ఒత్తుల దారంతోనే కుట్టిందా ఆచారీ?”

ముందు భటుడొకడు నవ్వాడు, తర్వాత మంత్రి, ఆ తర్వాత కొలువంతా. చివరికి రాజుగారు చలి మరిచిపోయి కడుపు పట్టుకున్నారు. అప్పటికప్పుడే ముత్తెమ్మని తన బండి ఎక్కించారు. ఆచారిని నూనె డబ్బా ఒళ్ళో పెట్టించి ఆవిడ వెనక కూర్చోబెట్టారు. ఇకమీదట షెడ్డుకి ఎవరు బండి తెచ్చినా గుర్‌ర్, ఖర్‌ర్ ఆచారే చెయ్యాలని ఆజ్ఞ అయింది. ఆ సాయంత్రమే కొండ మీద గంట మోగింది. స్వామి దీపం ఆరలేదు.

బుచ్చన్నకి బహుమానమో? ఆచారి భుజం మీది శాలువా తీయించి, రాజుగారే స్వయంగా కప్పారు. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఇంకొకరు శాలువా కప్పడం అదే మొదటిసారి.

ఈ కథంతా మరిచిపోయినా ఫరవాలేదు తల్లీ. పొద్దున్నే వచ్చిన ముత్తెమ్మకి బుచ్చన్న ఏమీ అడక్కుండా శాలువా కప్పాడే, ఆ ఒక్క పని గుర్తుంచుకుని మీరూ చెయ్యండి. చలేస్తోందని ఎవరైనా వస్తే, వణికి చూపించమనకండి. ముందు కప్పండి.