తవిటినాయుడి కొత్త గేరు సైకిలు

నాగావళి ఒడ్డున తోటవాడ అనే ఊళ్ళో, చీమంత లోపం కనిపించినా చేతికందిన మరలన్నీ తిప్పేసే తవిటినాయుడు ఉండేవాడు. ఒకసారి ఫ్యాను కీచుమంటోందని రెక్కలు మూడూ ఊడదీశాడు. ఆ వేసవంతా ఇంటిల్లిపాదీ విసనకర్రలతోనే గడిపారు.

శివయ్య దయవల్ల ఆ ఊరికి ఒక చక్కని ఆచారం ఉండేది. కార్తికమాసం ఆఖరి సోమవారం నాడు నాగావళి నీళ్ళు రాగి చెంబులో పట్టి, సైకిలు మీద ఊరి పక్క కొండపై ఉన్న శివాలయానికి తీసుకెళ్ళి స్వామికి అభిషేకం చేసేవారు. చెంబు దారిలో నేలకు తగలకూడదు. ఎనిమిది గంటలకు గుడిగంట మోగేలోగా చేరాలి. చెంబు మోసే భాగ్యం ఇంటి వంతున వచ్చేది. పదకొండేళ్ళు ఎదురుచూశాక ఆ ఏడు తవిటినాయుడి వంతు వచ్చింది. ఇక ఆయన కాలు నేల మీద నిలిస్తే కదా. ఏడు గేర్ల కొత్త సైకిలు కొన్నాడు, పసుపు కుంకుమ పెట్టాడు, చక్రం కింద నిమ్మకాయ తొక్కించాడు, రోజూ కొండ ఎక్కి దిగాడు.

రెండు వారాలు సైకిలు పూలరథంలా నడిచింది. సరిగ్గా ఆదివారం సాయంత్రం మొండికేసింది. గేరు మారిస్తే వెనక చైను పెద్ద పళ్ళచక్రం మీదికి ఎక్కకుండా కటకటమంటూ కిందే తచ్చాడింది.

అన్న కూతురు ఊర్మిళ వచ్చి చూసింది. ఆ పిల్ల భజనలో తంబురా మీటేది.

“బాబాయ్, గేరు తీగ కొత్తది కదా, సాగి ఉంటుంది. మా తంబురాకు కొత్త తీగ వేసినా మొదట్లో ఇలాగే వదులవుతుంది. తీగ చివర వేళ్ళతో తిప్పే చిన్న మర ఉంది చూడు. దాన్ని పావు చుట్టు తిప్పి, తొక్కి చూడు.”

“బాగుందమ్మా. రేపు నా సైకిలు మీద కూర్చుని కీర్తన కూడా పాడతావా?” అన్నాడు తవిటినాయుడు.

ఆమె వెళ్ళగానే స్క్రూడ్రైవరు అందుకున్నాడు. తీగ లాగి బిగించాడు. చైను పక్కకు జారిపోకుండా వెనక హద్దులా ఉండే మరలు రెండూ వదులు చేశాడు. వీధిలో తొక్కితే చైను టక్కున పైకెక్కింది. “నా చెయ్యి పడితే ఎక్కక చస్తుందా?” అని మురిసిపోయాడు.

తెల్లవారింది. చెంబును కొత్త తువ్వాలుతో గుండెకు కట్టుకుని తవిటినాయుడు బయలుదేరాడు. వెనక పది సైకిళ్ళు, వాటిలో ఊర్మిళది ఒకటి. హరహర మహాదేవ అంటూ కొండ సగం ఎక్కేశారు. గుడి గోపురం కనిపించింది, ఇంకా రెండు మలుపులు. దారి నిటారుగా లేచింది. తవిటినాయుడు తేలిక గేరు కోసం మీట గట్టిగా నొక్కాడు. హద్దు మర వదులైంది కదా, చైను పెద్ద పళ్ళచక్రాన్ని కూడా దాటేసి చక్రం చువ్వల సందున పడి ఇరుక్కుపోయింది. పెడలు కదల్లేదు. రెండు చేతులా చెంబు పట్టుకుని ఎలాగో కాలు ఆనించి నిలబడ్డాడు.

“బాబాయ్, చెంబు ఇటివ్వు,” అంది ఊర్మిళ పక్కన ఆగి.

“పదకొండేళ్ళు చూశానే అమ్మాయ్.”

“స్వామి కూడా ఏడాది చూశాడు. గుడిగంటకు ఐదు నిమిషాలే ఉంది.”

తవిటినాయుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెంబు విప్పి చేతి నుంచి చేతికి అందించాడు. ఊర్మిళ దాన్ని గుండెకు కట్టుకుని తొక్కింది. ఆయన చైను చేత్తో గుంజినా రాకపోయేసరికి తన సైకిలు గట్టున పారేసి, ఆమె సీటు వెనక చెయ్యి వేసి నెడుతూ పరుగెత్తాడు. ఒక మలుపు దాటింది, రెండోదీ దాటింది. వాళ్ళు గుమ్మం చేరడమూ గంట మోగడమూ ఒక్కసారే జరిగాయి. నీళ్ళు ఊర్మిళ చేతుల మీదుగా స్వామికి చేరాయి. చేతుల నిండా చైను మసితో తవిటినాయుడు అందరి వెనక నిలబడి దణ్ణం పెట్టుకున్నాడు.

కొండ దిగాక సైకిలు కొట్టు గున్నయ్య చైను బయటికి లాగాడు. హద్దు మరలు మళ్ళీ సరిచేశాడు, తీగ మామూలుగా కట్టాడు. ఊర్మిళ చెప్పిన ఆ చిన్న మర పావు చుట్టు తిప్పగానే గేర్లన్నీ వరసగా పడ్డాయి.

“అసలు లోపం ఇంతేనా?” అన్నాడు తవిటినాయుడు.

“ఇంతే నాయుడుగారూ. పూటంతా పట్టింది మీ మరమ్మతును మరమ్మతు చేయడానికే,” అన్నాడు గున్నయ్య.

కాబట్టి పిల్లలూ, చిన్న లోపాన్ని చిన్న సవరణతోనే దిద్దాలి. తొందరపడి అన్నిటినీ కదిపితే బాగున్నవి కూడా చెడతాయి.