పైడమ్మ పియానోకి పదికి ఏడు

అనగనగా తూర్పు కొండల్లో ఒక అడవి. ఆ అడవిలో ప్రతి పొదలోనూ, ప్రతి గుహలోనూ, ప్రతి బండసందులోనూ ఒక పియానో ఉండేది.

అడవిలో పియానోలేమిటని అప్పుడే ఒకరి ముఖాలొకరు చూసుకోకండి. జంతువులు మాట్లాడతాయంటే ఊ కొడతారు, పియానో వాయిస్తాయంటే మాత్రం నమ్మరా? బుద్ధిగా వినండి. మధ్యలో అడ్డొస్తే కథ ఇక్కడే ఆపేస్తాను.

మనుషుల పియానోలకి వేళ్ళతో నొక్కే మెట్లు బోలెడుంటాయి. ఈ అడవి పియానోలకి ఎనిమిదే మెట్లు. స రి గ మ ప ద ని, ఆ తర్వాత పై స. అంతకన్నా పెద్దదైతే పొదలో పట్టొద్దూ! వీటిని చేసేది ఎలుగుబంటి భద్రయ్య. అడవి మొత్తానికి ఆయనొక్కడే వడ్రంగి. చేతిపని గొప్పది. కోపం అంతకన్నా గొప్పది.

ఏటా తొలకరికి ముందు భద్రయ్య తన గుమాస్తాని ఇంటింటికీ పంపేవాడు. గుమాస్తా పేరు జోగులు. అతనొక కొండముచ్చు. "మీ పియానో మీకెంత నచ్చింది? పదికి ఎన్ని మార్కులు?" అని అడగడం అతని పని. ఎన్ని చెబితే అన్ని గాట్లు ఒక వెదురుబద్ద మీద పెట్టి భద్రయ్యకి అందించాలి.

అందరూ పదే చెప్పేవారు. ఎందుకు చెప్పరు? తన ఇంటి పియానోకి తొమ్మిదంటే తన ఇంటికే తక్కువ. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఊరికే అన్నారా! పైగా భద్రయ్య మాట ఒకటి అందరికీ తెలుసు. "నచ్చనివాళ్ళ దగ్గర నా పియానో ఉండకూడదు. పట్టుకొచ్చేస్తాను" అనేవాడు. దాంతో పది తప్ప ఇంకో అంకె ఆ అడవిలో వినబడేదే కాదు. పోనుపోను జోగులు కూడా తెలివి మీరాడు. ఇంట్లో కూచుని అన్ని బద్దలకీ ముందే పదేసి గాట్లు పెట్టేసుకుని బయల్దేరేవాడు. అడగడం ఉత్తుత్తి అడగడమే.

ఆ అడవిలో ఒక బండసందున ఉడుము పైడమ్మ ఉండేది. ముందే చెప్పేస్తున్నాను, ఈ పైడమ్మ కూడా పన్నెండేళ్ళు వరసగా పదే చెప్పింది. ఆమె పుణ్యాత్మురాలేం కాదు.

పైడమ్మకి ఆ పియానో అంటే ప్రాణం. పొద్దున లేస్తూనే తోకతో దుమ్ము దులిపేది. సాయంత్రం చుట్టుపక్కల పిల్లలందరినీ పోగేసి పాట నేర్పేది. ఆమెకి పిల్లల్లేరు. ఆ గంటసేపు మాత్రం ఇల్లంతా పిల్లలే. ఆ గంట కోసమే మిగతా పొద్దంతా గడిపేది.

అయితే ఆ పియానోకి ఒక లోపం ఉంది. దానికి "మ" పలకదు. ఆ మెట్టు నొక్కితే టక్కుమని చప్పుడొస్తుంది, అంతే. పైడమ్మకి ఆ సంగతి తెలుసు. 'పోనీలే, మిగతా ఏడూ పలుకుతున్నాయిగా' అని సర్దుకుపోయింది.

ఒకరోజు ఆమె వేలికి ముల్లు గుచ్చుకుని వాచింది. పాఠానికి వచ్చిన కుందేలు పిల్ల బుల్లితో, "ఇవాళ నేను వాయించలేనే. నోటితో పాడు, వింటాను" అంది.

బుల్లి చెవులు నిక్కబొడుచుకుని పాడింది. "స... రి... గ..." అని టక్కున నోరు మూసుకుంది. ఒకసారి తల ఊపి, "ప... ద... ని... స" అని ముగించింది.

"మ ఏదే?" అంది పైడమ్మ.

"మ అంటే ఏంటత్తా?"

"గ తర్వాత మ కదే, పిచ్చిపిల్లా!"

"గ తర్వాత ఊరుకోవాలి కదత్తా! నువ్వే నేర్పావు."

పైడమ్మ మిగతా పిల్లల చేత కూడా పాడించింది. అందరిదీ అదే వరస. గ దగ్గర నోరు మూసుకోవడం, ఒకసారి తల ఊపడం, ప అందుకోవడం. ఒక్కరికీ "మ" రాదు. అలాంటిదొకటి ఉందని కూడా వాళ్ళకి తెలియదు.

పైడమ్మ గుండె చివుక్కుమంది. పిల్లలు వెళ్ళాక పియానో ముందు చతికిలబడింది. "నిన్ను పదికి పది అన్నాను. వీళ్ళకి ఏడు స్వరాల్లో ఒకటి తగ్గించి నేర్పాను. సిగ్గులేని ముండని" అని తనను తానే తిట్టుకుంది. ఆ పూట ఆమెకి తిండి సహించలేదు.

నాలుగు రోజులకి జోగులు వచ్చాడు. చంకలో వెదురుబద్దల కట్ట.

"పైడమ్మత్తా, నీ పియానో నీకెంత నచ్చింది? పదే కదా? వస్తా!" అని తిరగబోయాడు.

"ఆగు. ఏడు" అంది పైడమ్మ.

జోగులు చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "ఎన్ని?"

"ఏడు. మ పలకడం లేదు. దానికి మూడు తీసేశాను."

"అయ్యో, గాట్లు పెట్టేశానత్తా! పెట్టిన గాటు ఎలా పోతుంది? ఈ ఏటికి పది కానిచ్చెయ్. వచ్చే ఏడాది చూద్దాం."

"ఏదీ, నా బద్ద ఇలా ఇవ్వు."

జోగులు అమాయకంగా ఇచ్చాడు. పైడమ్మ గాట్లు లెక్కపెట్టింది. ఏడో గాటు దాటాక పటుక్కున విరిచి, ఏడున్న ముక్క అతని చేతిలో పెట్టింది. మూడున్న ముక్క బయటికి విసిరేసింది.

"ఇప్పుడు సరిపోయింది. పట్టుకెళ్ళి ఇవ్వు" అంది.

జోగులు ఆ ముక్కని కట్టలో దోపాడు. బద్దల కట్ట నెత్తిన పెట్టుకుని పరుగో పరుగు.

అడవిలో కబురు దాగుతుందా? పొద్దు వాలకముందే ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు దిగబడ్డారు. నెమలి ముత్యాలరావు ముందు, అడవిపంది గవరయ్య వెనక, ఆ వెనక బుల్లి వాళ్ళమ్మ తవిటమ్మ.

"ఏం పని చేశావు పైడమ్మా! మా అందరి పరువూ తీశావు" అన్నాడు ముత్యాలరావు.

"నా పియానోకి నేను మార్కులిస్తే నీ పరువు ఎందుకు పోయింది?"

"పోదూ! నీది పలకలేదంటే మాది పలుకుతోందా అని చూడ్డానికొస్తారు."

"పలుకుతోందా మరి?"

ముత్యాలరావు పింఛం సర్దుకున్నాడు. "పలకదు. అయితే ఏం? మీద పట్టుగుడ్డ కప్పాను. చూసినవాళ్ళంతా ఆహా అంటున్నారు."

గవరయ్య నేల చూపులు చూస్తూ, "మాదీ అంతే వదినా. కానీ ఏడంటే భద్రయ్య పట్టుకుపోతాడు. పలకని మెట్టుతో ఉన్నదే నయం కదా, అసలు లేనిదానికంటే?" అన్నాడు.

తవిటమ్మ పైడమ్మ చెయ్యి పట్టుకుంది. "పియానో పోతే మా పిల్లలకి ఎవరు నేర్పుతారు పైడమ్మా? నీకు మాత్రం ఏం మిగుల్తుంది? వెళ్ళి పది అని చెప్పెయ్. ఒక్క మాటేగా!"

ఆ మాటకి పైడమ్మకి భయం వేసింది. నిజంగా వేసింది. పియానో లేని బండసందు, పిల్లలు రాని సాయంత్రం ఆమె కళ్ళకి కట్టాయి. అయినా తల అడ్డంగా ఊపింది.

"నీ కూతురి చేత సరిగమ పాడించుకో తవిటమ్మా. విన్నాక కూడా పది చెప్పమంటే అప్పుడు చూద్దాం" అంది.

మర్నాడు పొద్దున్నే నేల దడదడలాడింది. భుజాన పనిముట్ల సంచితో భద్రయ్య వచ్చాడు. వెనక రెండు అడవిదున్నలు, తాళ్ళు. ఆ వెనక జోగులు. ఏం జరుగుతుందో చూద్దామని అడవి అడవంతా వెంట వచ్చింది. చోద్యం చూడ్డానికి మాత్రం ఎవరికీ పని అడ్డురాదు కదా!

"పన్నెండేళ్ళు పది చెప్పి ఇవాళ ఏడంటావా?" అని అరిచాడు భద్రయ్య.

"పన్నెండేళ్ళూ అబద్ధం చెప్పాను మావా. తప్పు నాదే. పదమూడో ఏడు కూడా చెప్పమంటావా?"

"నా పియానో నచ్చకపోతే తిరిగిచ్చెయ్!"

"నచ్చలేదని ఎవరన్నారు? మ పలకడం లేదన్నాను. బిడ్డకి జ్వరమొస్తే వైద్యుడి దగ్గరికెళ్ళి మా బిడ్డ బంగారం, ఒంట్లో భేషుగ్గా ఉందని చెప్పుకుంటామా? జ్వరమనే చెబుతాం. బిడ్డ మీద ప్రేమ లేకా?"

"మాటలు బాగానే నేర్చావు. కట్టండ్రా తాళ్ళు!"

దున్నలు తాళ్ళు బిగించి లాగాయి. పైడమ్మ గబుక్కున పియానో మీదికెక్కి నాలుగు కాళ్ళతోనూ కరుచుకుంది. తోక బండకి మెలేసింది. ఉడుంపట్టు అంటారే, అదే ఇది. దున్నలు ఎడమకి లాగాయి, కుడికి లాగాయి. పియానో వెళ్ళి బండకి ధబీమని కొట్టుకుంది. పైడమ్మ మాత్రం ఊడి రాలేదు.

"దిగు!" అన్నాడు భద్రయ్య.

"దిగను! పది అననూ అనను. ఇది నాది. దీని మంచీ నాదే, చెడ్డా నాదే. నాకు తెలిసినంత నీకు కూడా తెలియదు. తెలిసిందే చెప్పాను. నువ్వు కోప్పడితే మూగమెట్టుకి నోరొస్తుందా? కోప్పడు చూద్దాం!"

భద్రయ్యతో అలా మాట్లాడినవాళ్ళు ఆ అడవిలో లేరు.

పైడమ్మ పియానో మీద నుంచే, గుంపులో తల్లి కాళ్ళ దగ్గరున్న బుల్లిని చూసింది. "బుల్లీ, భద్రయ్య తాతకి సరిగమ పాడి వినిపించు" అంది.

బుల్లి తల్లి వైపు చూసింది. తవిటమ్మ కాసేపు గింజుకుని, ఆఖరికి తల ఊపింది. బుల్లి పాడింది. స, రి, గ. నోరు మూసుకుంది. తల ఊపింది. ప, ద, ని, స.

"మధ్యలో మింగేశావేంటే?" అన్నాడు భద్రయ్య.

"ఏం మింగలేదు తాతా. అంతే ఉంది."

భద్రయ్య నవ్వబోయాడు. పక్కనున్న గవరయ్య కొడుకుని పాడమన్నాడు. వాడూ అంతే. ముత్యాలరావు కూతురిని పాడమన్నాడు. అదీ అంతే. జింకపిల్ల, కోతిపిల్ల, నక్కపిల్ల, ఎవరు పాడినా గ దగ్గర ఒకటే ఊపు. భద్రయ్య నవ్వు మూతి మీదే ఆరిపోయింది.

"మీలో మ ఎవరికొచ్చు?" అని గట్టిగా అడిగాడు.

పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దవాళ్ళు ఆకాశం చూశారు.

భద్రయ్య దున్నలని పక్కకి జరగమన్నాడు. పియానో వెనక పలక ఊడదీసి, లోపల చెయ్యి పెట్టి ఒక చిన్న సుత్తి బయటికి తీశాడు. తీగని కొట్టే సుత్తి అది. వేళ్ళతో నొక్కితే నానిన అటుకులా మెత్తగా నలిగింది.

ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూశాడు.

"బూరుగు కర్ర" అన్నాడు, గొంతు తగ్గించి. "పన్నెండేళ్ళ కిందట టేకు అయిపోయింది. ప్రతి పియానోలోనూ ఈ ఒక్క సుత్తికి బూరుగు పెట్టాను. మెత్తకర్ర, వానలకి ఆగదేమోనని నా మనసులో పీకుతూనే ఉంది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూశాను. పదులొచ్చాయి. మరుసటి ఏడాదీ పదులే. సరే బాగుందన్నమాట అనుకున్నాను. తర్వాత టేకు దొరికినా బూరుగే పెడుతూ వచ్చాను."

"అంటే చెప్పకుండా మమ్మల్ని భయపెట్టిందీ నువ్వే, మేం చెప్పలేదని ఇప్పుడు అనేదీ నువ్వేనన్నమాట!" అంది పైడమ్మ.

భద్రయ్యకి చురుక్కుమంది. ముక్కుపుటాలు అదిరాయి. ఇంకోరోజైతే ఆ మాటకి చెట్టు పీకేవాడే. ఆ రోజు మాత్రం "నా తప్పే" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అందరికీ అదే మొదటిసారి.

జోగులుని పంపి టేకుముక్క తెప్పించాడు. అక్కడే కూచుని సుత్తి చెక్కి బిగించాడు. బుల్లిని పిలిచి నాలుగో మెట్టు నొక్కమన్నాడు.

మ పలికింది.

బుల్లి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకోబోయి, మళ్ళీ నొక్కింది. మళ్ళీ, మళ్ళీ నొక్కింది. "అత్తా, ఇది ఎంత బాగుంది!" అని కేక పెట్టింది. పైడమ్మ ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

భద్రయ్య లేచి గుంపు వైపు తిరిగాడు. "మరి మీవి?"

"మాదీ ఏడే" అన్నాడు గవరయ్య. "మాదీ" అంది తవిటమ్మ. అలా ఒక్కొక్కరే ముందుకొచ్చారు. జోగులు పటపటమని బద్దలు విరుస్తూనే ఉన్నాడు.

ముత్యాలరావు మాత్రం మెడ నిక్కించి, "మాది పదే" అన్నాడు.

"పదయితే నాకక్కడ పనేముంది!" అని భద్రయ్య ఊరుకున్నాడు. తొలకరి వచ్చింది, వెళ్ళింది. ఆ అడవిలో ముత్యాలరావు పియానో ఒక్కటే ఇప్పటికీ ఏడు స్వరాలు పలకదు. మీదున్న పట్టుగుడ్డ మాత్రం బాగుంటుందట.

సరే, ఆ పొద్దుటి సంగతికి వద్దాం. అందరూ కదలబోతుంటే భద్రయ్య పైడమ్మని ఆపాడు. ఇంతా చేశాక ఆయనకి ఆ మాట వినాలని ఉండదా?

"ఇప్పుడు పదేనా?" అని అడిగాడు.

జోగులు పదిగాట్ల బద్ద పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. పైడమ్మ ఎనిమిది మెట్లూ ఒక్కొక్కటిగా నొక్కి చూసింది. మూత వేసింది, తీసింది, మళ్ళీ వేసింది.

"తొమ్మిది" అంది.

భద్రయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "ఇంకా ఏమైంది?"

"ఇందాక నీ దున్నలు దీన్ని బండకేసి కొట్టాయి కదా మావా. మూత వంకరపోయింది. సరిగా పడటం లేదు."

భద్రయ్య మూత వైపు చూశాడు. పైడమ్మ వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు. ఆయన గట్టిగా నిట్టూర్చి, సంచి కిందపెట్టి, పియానో ముందు మళ్ళీ కూచున్నాడు.

"ఉలి ఇలా ఇవ్వరా జోగులూ" అన్నాడు.

నీతి: మనదైన వస్తువు మీద నిజంగా ప్రేమ ఉంటే దాని లోపాన్ని దాచకూడదు, ధైర్యంగా చెప్పాలి. పెద్దలు దాచిన లోపమే పిల్లలకు పాఠమవుతుంది.