తెల్లరాయి ఏ గుంటలో?

అనగనగా ఒక కొండ అడవిలో, మబ్బులు చెట్లకొసలు తాకుతున్న రోజుల్లో, పోతమ్మ అనే ముళ్ళపంది ఉండేది. దాని బొరియలోకి అప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి. పిల్లలకేమో ఇంకా ముళ్ళయినా గట్టిపడలేదు. కొండమీద పొడి గుహ ఒకటి ఖాళీగా ఉంది. కానీ ముంగిస చిట్టన్న కూడా దానిమీదే కన్నేశాడు.

తగువు ఎలుగుబంటి తాత దగ్గరికి వెళ్ళింది. తాత రెండు గుంటల్లో గులకరాళ్ళు పోసి ఆకులు కప్పాడు.

"కుడి గుంటలో తెల్లవి అయిదు, నల్లవి వాటికి మూడింతలు. ఎడమ గుంటలో మొత్తం నాలుగే రాళ్ళు. నల్లవాటికన్నా తెల్లవి రెండు ఎక్కువ. మీ ఇష్టం, ఏ గుంటలోంచైనా సరే, కళ్ళు మూసుకుని తలా మూడుసార్లు తీయండి. తీసిన రాయి మళ్ళీ అందులోనే వేయండి. తెల్లవి ఎక్కువ తీసినవాళ్ళదే గుహ."

"అయిదు" అనగానే చిట్టన్న కుడి గుంట దగ్గర చేరాడు. మిగతాది వినలేదు.

పోతమ్మ నేలమీద గీతలు గీసుకుంటూ కూర్చుంది. "కుడివైపు నల్లవి అయిదు మూళ్ళు పదిహేను. తెల్లవి కలిపితే ఇరవై. అంటే నాలుగింటికి ఒక్కటే తెల్లది. ఎడమవైపు, ఎక్కువున్న ఆ రెండు తెల్లవీ పక్కన పెడితే మిగిలేవి రెండు. చెరిసగం చేస్తే నల్లది ఒకటి, తెల్లది ఒకటి. పక్కన పెట్టినవి కలిపితే తెల్లవి మూడు. నాలుగింటికి మూడు."

"అక్కా, నీ లెక్క తేలేసరికి వాన వచ్చి వెలిసిపోతుంది" అన్నాడు చిట్టన్న.

పోతమ్మ ఎడమ గుంటకే వెళ్ళింది. మొదటిసారి చిట్టన్నకు తెల్లది వచ్చింది. పోతమ్మకు నల్లది.

"చూశావా? జాలేస్తోంది. రా, ఇటొచ్చి తీసుకో" అన్నాడు చిట్టన్న.

పోతమ్మకు పిల్లలు గుర్తొచ్చారు. గీతలు మళ్ళీ మొదటినుంచి చూసుకుంది. "లెక్క తప్పలేదు తమ్ముడూ. ఉన్న ఒక్క నల్లదీ చేతికొచ్చింది, అంతే" అని ఎడమ గుంట దగ్గరే నిలబడింది.

రెండోసారి చిట్టన్నకు నల్లది, పోతమ్మకు తెల్లది. మూడోసారి చిట్టన్నకు మళ్ళీ నల్లది. పోతమ్మ కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టింది. తెల్లది.

ఆ సాయంత్రమే వాన దంచికొట్టింది. చిట్టన్న తడిసి ముద్దయి, పోతమ్మ గెలుచుకున్న గుహ ముందుకొచ్చాడు.

"అక్కా, నాలుగింటికి మూడు అన్నావే, అదెలా వచ్చింది?"

"చెబుతాను. ముందు లోపలికి రా. ముళ్ళకు కాస్త ఎడంగా కూర్చో" అంది పోతమ్మ.

నీతి: చివరిదాకా విని, మెట్టు మెట్టుగా లెక్క కట్టి ఎంచుకున్న దారిని ఒక్కసారి ఫలితం రాలేదని వదిలేయకూడదు.