తిరుగుదారి కూలి

ఎర్రగుట్ట అడవిలో జిత్తు అనే నక్కకి చేపలంటే మహా మోజు. వాగుకి అడ్డంగా గట్టు వేయిస్తే వానల్లో కొట్టుకొచ్చే చేపలన్నీ తనవే అని లెక్క వేసుకుంది. తన ఒంటికి మట్టి అంటడం దానికి ఇష్టం లేదు. అందుకని మేస్త్రీ అవతారమెత్తి నలుగురినీ పనిలో పెట్టింది. గుట్ట దగ్గర పందులు ముట్టెలతో మట్టి తవ్వి గోనెలు నింపాలి. సూరమ్మ అనే గాడిద, బండయ్య అనే దున్న వాటిని మోసుకెళ్ళి వాగు ఒడ్డున పోసి, మళ్ళీ గుట్టకి రావాలి. పొద్దుగూకితే కూలి కింద తవుడు.

ఆ అడవికి పెద్ద ఎలుగు. పనిచేసినంతసేపూ కూలి ఇవ్వాలనీ, మధ్యాహ్నం విశ్రాంతి ఇవ్వాలనీ, విశ్రాంతిలో ఉన్న కూలీని ఎవరూ పనికి పిలవకూడదనీ అది ఎప్పుడో కట్టడి చేసింది.

మొదటి సాయంత్రం సూరమ్మకి సగం తవుడే వచ్చింది. మిగతాది ఏదని అడిగింది.

"మట్టి మోస్తేనే పని. తిరిగొచ్చేటప్పుడు నీ వీపు మీద ఏముంది సూరమ్మా, గాలి తప్ప? అదంతా విశ్రాంతి కిందే లెక్క. రోజులో సగం విశ్రాంతి దొరికాక మళ్ళీ మధ్యాహ్నం ఇంకోటి దేనికి?" అంది నక్క, ఏదో దానం చేస్తున్నట్టు.

సూరమ్మకి ఒళ్ళు మండింది. దారి పక్కన తంగేడు పొద నీడలో దాని పాలు తాగే పిల్ల ఉంది. సగం తవుడుతో పాలు పడటం లేదు. మధ్యాహ్నం ఆగి ఆ కాసినీ ఇద్దామన్నా వీల్లేదు. పిల్ల డొక్కలు లోపలికి పోతుంటే చూడలేక మొహం తిప్పుకుని నడిచేది. నోరు మూసుకుని మోద్దాం, లేకపోతే ఈ సగమూ పోతుంది అన్నాడు బండయ్య.

ఓ సాయంత్రం సూరమ్మ అందరి ముందూ నక్కని మళ్ళీ అడిగింది. "తిరుగుదారంతా విశ్రాంతేనా మేస్త్రీ? మాట మీద ఉంటావా?"

"ఎందుకుండను? ఈ పందులే సాక్ష్యం," అంది నక్క.

మర్నాడు సూరమ్మ వాగు ఒడ్డున మట్టి పోసి, తిన్నగా తంగేడు పొద దగ్గరికి వెళ్ళి పిల్లకి తనకున్న పాలన్నీ తీరిగ్గా ఇచ్చింది. ఆ పైన దుమ్ములో హాయిగా పొర్లింది. అది చూసి బండయ్యకీ ధైర్యం వచ్చి, బురదగుంటలో మెడదాకా దిగి కళ్ళు మూసుకున్నాడు. నక్క రొప్పుకుంటూ వచ్చి లేవమంది.

"విశ్రాంతిలో ఉన్నాం మేస్త్రీ. ఇప్పుడు పిలవకూడదు," అంది సూరమ్మ, తోకతో ఈగలు తోలుకుంటూ.

పడమట మబ్బు కమ్ముతోంది. గట్టు సగంలో ఉంది. వాన పడితే కట్టిందంతా వాగుపాలే. నక్క ముందూ వెనకా చూడకుండా ఎలుగు దగ్గరికి పరుగెత్తింది. కూలీలు పనివేళలో పడుకుంటున్నారని ఫిర్యాదు చేసి, ఎలుగుని వాగు ఒడ్డుకి వెంటబెట్టుకొచ్చింది.

"ఏ వేళలో?" అని అడిగింది ఎలుగు.

"తిరిగొచ్చేటప్పుడు పెద్దయ్యా."

"అది విశ్రాంతని నువ్వే అన్నావట. పందులు నాకు ముందే చెప్పాయి. విశ్రాంతైతే వాళ్ళ ఇష్టం, నేను ఏమీ అనలేను. పనైతే ఇప్పుడే లేపుతాను. ఏదో ఒకటి చెప్పు."

 నక్క మబ్బుని చూసింది, గట్టుని చూసింది.

"పనే," అంది నీరసంగా.

"అయితే మొదటి రోజు నుంచీ అది పనే. ఆ తవుడంతా ఇప్పుడే కొలిచి ఇయ్యి. మధ్యాహ్నం విశ్రాంతి వేరే."

పిల్లకిచ్చే పాలు ఇక ఎండిపోవని సూరమ్మకి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. బండయ్యతో కలిసి గుట్ట వైపు దౌడు తీసింది. నక్క తవుడు బస్తా విప్పి కొలవడం మొదలుపెట్టింది. ఆ పని అవుతూండగానే పెద్ద పంది వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నీకేం కావాలి?" అంది నక్క.

"ముట్టె మట్టిలో ఉంటేనే పని, పైకెత్తితే విశ్రాంతి అని మాకూ సగమే కొలిచావుగా మేస్త్రీ? మాదీ తియ్యి."

కూలి ఎగ్గొట్టడానికి పనికి విశ్రాంతని పేరు పెట్టేవాడు, ఆ విశ్రాంతిని కూలీ నిజంగా తీసుకున్న రోజున నిలువునా మునుగుతాడు.