తులసమ్మకి దాహం లేదు

అనగనగా ఒక ఊళ్ళో మేడ మీద మేడ, ఆ పైన ఇంకో మేడ. ఆ పై మేడ వసారాలో ఒక మట్టి కుండీ, కుండీలో కృష్ణతులసి. దగ్గరికి జరుగమ్మా, దుప్పటి కప్పుకో. దణ్ణం పెట్టుకున్నావా? ఆఁ, ఇప్పుడు విను.

ఆ ఇంట్లో వైదేహి అని నీ అంత పిల్ల. వాళ్ళమ్మ కామాక్షి రోజూ పొద్దున్నే స్నానం చేసి, కుండీ మట్టిలో వేలు పెట్టి, ఆ మట్టితో వైదేహికి బొట్టు పెట్టేది. ఒకరోజు చెంబెడు నీళ్ళు పోసేది. ఇంకోరోజు "ఇవాళ తులసమ్మకి దాహం లేదే" అని ఊరికే దణ్ణం పెట్టి వచ్చేసేది.

ఇలా ఉండగా అమ్మకి కడుపులో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. వెళ్తూ వెళ్తూ అమ్మ, "నేనొచ్చేదాకా తులసమ్మ నీ పూచీ, బంగారం" అంది.

అప్పుడు ఇంట్లో అందరికీ భక్తి పొంగింది. కామాక్షి చల్లగా ఉండాలని నాన్న ఒక చెంబు పోశాడు, నాయనమ్మ ఒక చెంబు, రత్నం అత్త ఒక చెంబు. నీళ్ళు కుండీ కింది చిల్లులోంచి కారి నడవలోకి వచ్చాయి. "అయ్యో, తులసమ్మ నీళ్ళు కాళ్ళతో తొక్కుతున్నామే, ఎంత పాపం!" అని నాయనమ్మ ఆ చిల్లులో కొవ్వొత్తి మైనం కుక్కేసింది.

ఆ తర్వాత ఆకులు వాడాయి. "దాహమేస్తోంది పాపం" అని అత్త ఇంకో చెంబు పోసింది. ఆకులు పసుపుపచ్చగా తిరిగాయి. "దిష్టి తగిలింది" అని నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పిపోసింది. ఆకులు రాలాయి. బలానికని నాన్న గ్లాసెడు పాలు పోశాడు. అప్పుడు కొమ్మలు నల్లబడ్డాయి, కృష్ణ కృష్ణా!

వైదేహికి అన్నం సయించలేదు. నాన్న ఫోను మోగితే చాలు, పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడేది. 'ఇక్కడ తులసమ్మకేమన్నా అయితే, అక్కడ అమ్మకి?' ఆ మాట ఎవరినీ అడగలేదు. అడిగితే అవునంటారేమోనని భయం.

ఒక పొద్దున అమ్మలాగే బొట్టు పెట్టుకుందామని మట్టిలో వేలు పెట్టింది. బొట్టు నిలవలేదు. బురద ముక్కు మీదుగా కారింది. మురుగు కంపు! అమ్మ పెట్టిన బొట్టు ఒక్కోరోజు పొడిపొడిగా రాలేది కదా? అలా రాలిన రోజే అమ్మ నీళ్ళు పోసేది. తడిగా అంటుకున్న రోజు పోసేది కాదు!

"నాయనమ్మా! తులసమ్మకి దాహం కాదు, నీళ్ళలో మునిగిపోతోంది!"

అప్పుడు నాన్న కుండీ వంచి మైనం పీకాడు. బుడబుడమని నల్లటి నీళ్ళు. మొక్కని మట్టితో సహా పైకి తీశాడు. వేళ్ళు సగం కుళ్ళి, పట్టుకుంటే ఊడొస్తున్నాయి. సగం ఇంకా తెల్లగా ఉన్నాయి. "కుళ్ళినవి కత్తిరించాలి" అన్నాడు.

"శుక్రవారం పూట తులసమ్మ మీద కత్తెరా? మతి పోయిందట్రా నీకు?" అంది నాయనమ్మ.

"అమ్మకి మంగళవారం కోశారుగా నాయనమ్మా" అంది వైదేహి.

నాయనమ్మ లేచింది. తనే వెళ్ళి కత్తెర కడిగి, పసుపు రాసి తెచ్చింది. "తప్పు కాయి తల్లీ" అంటూ మొక్కని ఒళ్ళో పట్టుకుని కూర్చుంది.

నాన్న కుళ్ళిన వేళ్ళు కత్తిరించాక, ఇసుక కలిపిన కొత్త మట్టి పోశారు. ఎండిన కొమ్మలు తుంచారు. కుండీని నీడ పట్టున పెట్టారు. ఇక నీళ్ళు బంద్. నాయనమ్మ చెంబు పట్టుకుని వెళ్ళేది, నిట్టూర్చి వెనక్కొచ్చేది. "నీళ్ళు పోయకుండా దణ్ణమెలా పెట్టనే?" "ఉత్తి చేతులతో పెట్టు!" అనేది వైదేహి.

మొక్క ఉత్తి పుల్లలా నిలబడింది. బతుకుతుందో లేదో తెలియదు.

అలా ఉండగానే అమ్మ వచ్చేసింది, నాన్న భుజం పట్టుకుని మెల్లగా మెట్లెక్కి. వైదేహి తలుపు చాటున దాక్కుంది. "అమ్మా, ఆకులన్నీ..."

అమ్మ నేరుగా కుండీ దగ్గరికి వెళ్ళింది. కుండీలో వేలు పెట్టి, వైదేహికి బొట్టు పెట్టింది. మట్టి పొడిపొడిగా ముక్కు మీద రాలింది. "ఇటు చూడు" అంది. పుల్ల కణుపు దగ్గర ఆవగింజంత పచ్చటి చిగురు!

"తులసమ్మకి దాహమేస్తోంది" అంది అమ్మ.

మూడు చెంబులు ఒక్కసారే లేచాయి!

"నవ్వించకండర్రా, కుట్లు లాగుతున్నాయి" అని అమ్మ పొట్ట పట్టుకుంది. వైదేహి ఒక్క చెంబు, మెల్లగా పోసింది. నీళ్ళు చిల్లులోంచి కారి నడవలోకి వచ్చాయి. నాయనమ్మ వంగి, ఆ నీళ్ళు వేలితో తీసి కళ్ళకద్దుకుంది.

కథ వెళ్ళింది కంచికి,
నీళ్ళు వెళ్ళాయి కిందికి,
చిగురొచ్చింది కొమ్మకి,
నిద్ర రావాలి నీ కంటికి.