టోపీ వెనక సిపాయి

హరికథ చెప్పడంలో చిదంబర దాసుగారి శిష్యులందరిలోకీ నేనే మొదటివాణ్ణి. శిష్యులం ఇద్దరమే లెండి. రెండోవాడు గొంతు లేక వంట చూసుకునేవాడు. అంత ఘనుణ్ణి కాబట్టి ఒకనాడు ఆయన్ని అడిగాను: వినేవాళ్ల మనసు కుదుటపడుతుందంటే కథలో ఒక అబద్ధం కలిపితే తప్పేమిటని.

ఆయన తప్పనీ అనలేదు, ఒప్పనీ అనలేదు. మొదటి జర్మనీ యుద్ధం నాటి సంగతి ఒకటి చెప్పారు.

అప్పట్లో ఆయన ఊరూరా తిరిగే డేరా సినిమాలో పనిచేసేవారు. బొమ్మలకు మాటలు రాని రోజులు. తెర పక్కన బెత్తం పట్టుకుని నిలబడి, బొమ్మలో ఎవరెవరో జనానికి చెప్పడం ఆయన ఉద్యోగం. ఆయన గొంతు సంతదాకా వినబడేదట. ఆయన చెప్పిన దూరాన్ని నేను సగానికి తగ్గించి రాస్తున్నాను. యుద్ధ వార్తల రీలులో ఇంగ్లండు సీమ మంత్రి ఒకాయన మన సిపాయిల వరస చూస్తూ నడుస్తాడు. నాలుగోవాడి ఎదుట ఆగుతాడు. ఆయన పొడుగు టోపీ ఆ సిపాయి మొహాన్ని కప్పేస్తుంది. టోపీ కదిలేలోపు బొమ్మ అయిపోతుంది.

గోదావరి పక్క ఒక ఊళ్లో ఆదెమ్మ అనే ఆవిడకు యుద్ధానికి వెళ్లిన కొడుకు దగ్గర్నుంచి ఎనిమిది నెలలుగా ఉత్తరం లేదు. ఆ సిపాయి నిలబడ్డ తీరు చూసి, మా అప్పన్నే కదా అని అడిగింది. దాసుగారు అవునన్నారు. మర్నాటినుంచి ఆవిడ ప్రతి ఆటకూ వచ్చి ముందు కూర్చునేది.

“ఆ దొరగార్ని కూసింత పక్కకి జరగమను బాబూ,” అందిట ఒకరోజు. “మావోడి మొకం కనపట్టంలేదు.”

డేరా అంతా నవ్వింది. దాసుగారు కూడా నవ్వారట.

వారం తిరక్కుండా పటాలం నుంచి కాగితం వచ్చింది, అప్పన్న చనిపోయాడని. ఆదెమ్మ నమ్మలేదు. కోడలి బొట్టు తీయనివ్వలేదు, దినం చేయనివ్వలేదు. ఊరి పెద్దలు చెప్పి చెప్పి విసిగి, ఆవిణ్ణి డేరా దగ్గరికే తీసుకొచ్చారు. అది మావాడు కాదని నువ్వంటే కర్మ జరిపిస్తానంది ఆవిడ. ఆటకు వేళయిందని దాసుగారు లోపలికి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆటలో బెత్తం మాత్రం మళ్లీ నాలుగోవాడి మీదికే వెళ్లింది. మర్నాడు డేరా ఎత్తేశారు.

కర్మ జరిగిందో లేదో ఆయనకు తెలియదు. ఆ తరవాతైనా ఆవిడకు నిజం కబురు పంపారా అని అడిగాను. అప్పటికి నా వేళాకోళం ఎటో పోయింది.

దాసుగారు చిడతలు తీసి సంచిలో పెట్టుకున్నారు.

“తరవాతి ఊళ్లో ఇంకో తల్లి అడిగిందిరా,” అన్నారు. “ఆవిడకీ అవుననే చెప్పాను.”